చూడబడును: ఒక క్లినిక్ బోర్డుకు టీకా తాత్పర్యం

అవతారిక

తెలుగులో పేరున్న కావ్యానికి టీక లేకపోవడం అరుదు. బ్రౌను దొర జూలూరి అప్పయ్య పండితుడి చేత మనుచరిత్రకు టీక రాయించాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆముక్తమాల్యదకు సంజీవనీ వ్యాఖ్య రాశారు. వావిళ్ళవారు పద్యం కింద ప్రతిపదార్థం, దాని కింద తాత్పర్యం అచ్చువేసి ఊరూరా అందించారు. ఇంతమంది వ్యాఖ్యాతలు పుట్టిన చోట, జనం అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివే గ్రంథం ఒకటి మాత్రం టీకకు నోచుకోలేదు. వీధి చివర డాక్టరుగారి క్లినిక్‌లో, కాంపౌండరు బల్ల వెనక, కుర్చీలకు సరిగ్గా ఎదురుగా తగిలించిన బోర్డు అది. మనుచరిత్ర మొదటి ఆశ్వాసం దాటనివాళ్ళు కూడా దాన్ని ఒక్క సాయంత్రంలో ముప్పైసార్లు పారాయణ చేస్తారు. చేసి కూడా తమ సంగతేమిటో తేలక, లేచి వెళ్ళి కాంపౌండరునే అడుగుతారు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాఖ్య.

శాస్త్రం మొదలుపెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. విషయం, డాక్టరుగారి గదిలోకి వెళ్ళే వరుస. ప్రయోజనం, ఆ గదిలోంచి మందుల చీటీతో బయటపడటం. సంబంధం, ముందుగా కట్టిన కన్సల్టేషన్ ఫీజు. అధికారి, మెడికల్ షాపువాడిచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకున్నా జ్వరం తగ్గక, ఇంట్లోవాళ్ళ పోరు పడలేక, ఫోను చేసి పేరు రాయించుకున్నవాడు. నాలుగూ కుదిరాయి గనక గ్రంథం వ్యాఖ్యానానికి అర్హమే.

మూలం

1. పేర్లు ఉదయం 8 గంటల నుండి ఫోనులో వ్రాయబడును.
2. టోకెను నంబరు ప్రకారము మాత్రమే చూడబడును.
3. అత్యవసర కేసులకు ప్రాధాన్యత.
4. పిలిచినప్పుడు లేనివారు చివర చూడబడుదురు.
5. రిపోర్టులు చూపించువారు వేచి ఉండవలెను.
6. ఎన్నో నంబరు నడుచుచున్నదని పదేపదే అడుగరాదు.

ఈ పాఠం ఏ ఒక్క క్లినిక్‌దీ కాదు. కొద్ది తేడాలతో ఊరూరా కనిపించేదాన్ని ఒకచోట చేర్చి పరిష్కరించినది.

పాఠ నిర్ణయం

గ్రంథానికి మూడు ప్రతులున్నాయి. ఒకటి గోడ మీది బోర్డు. రెండోది మందుల చీటీ నెత్తిన ఉండే అచ్చు. మూడోది ఫోనులో వినిపించే నోటిమాట. సాయంత్రం ఓపీ ఎప్పుడు అన్న ఒక్క విషయంలోనే మూడు ప్రతులూ మూడు దారులు పట్టవచ్చు. బోర్డు 6 నుంచి 9 అంటుంది. చీటీ 6.30 నుంచి 9.30 అంటుంది, అది డాక్టరుగారు పాత మేడలో ఉన్ననాటి అచ్చు. ఫోను మాత్రం ‘ఏడు దాటాక రండి’ అంటుంది. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అని మీమాంసకుల తీర్పు. రాసి పెట్టింది స్మృతి, చెవిన పడింది శ్రుతి. కాబట్టి ఫోను మాటే గ్రాహ్యం. కాకపోతే ‘సార్ దారిలో ఉన్నారు’ అన్న శ్రుతివాక్యం ఒకటి ఏ వేళలో ఫోను చేసినా మారకుండా వినిపిస్తుంది. ఆ మాట వేళను తెలియజేయడానికి పుట్టింది కాదు, అడిగినవాడికి ఊరట కలిగించడానికి పుట్టింది. శాస్త్రంలో ఇటువంటి వాక్యాన్ని అర్థవాదం అంటారు.

ప్రథమ సూత్ర వ్యాఖ్య

పేర్లు, అనగా రోగుల నామధేయములు. ఉదయం 8 గంటల నుండి, అనగా ఎంగేజ్ టోను మొదలయ్యే ముహూర్తము నుండి. వ్రాయబడును, అనగా పొడుగాటి రూళ్ళ పుస్తకంలో ఎక్కింపబడును. సూత్రకారుడు ‘నుండి’ అన్నాడు గాని ‘వరకు’ అనలేదు. ఆరంభం చెప్పి అంతం చెప్పకపోవడం శాస్త్రకారుల శైలి. ఆ అంతం ఎనిమిదీ పదికే వస్తుందని అనుభవజ్ఞులు. పుస్తకాన్ని దగ్గరగా చూస్తే గ్రంథ రహస్యం కొంత బోధపడుతుంది. ఎడమవైపు 1 నుంచి 40 దాకా అంకెలు ముందే వేసి ఉంటాయి. బాల్‌పెన్ను దారంతో బల్లకు కట్టి ఉంటుంది. మొదటి ఐదు అంకెల ఎదుట పేర్లు ఉండవు, చిన్న అడ్డగీతలు ఉంటాయి. అందుకే ఎనిమిది కొట్టిన మరుక్షణం ఫోను కలిసిన భాగ్యశాలికి కూడా ఆరో నంబరే దక్కుతుంది. ఒకటో నంబరు పరబ్రహ్మ లక్షణం కలది, ఉందని అందరూ ఒప్పుకుంటారు, చూశామన్నవారు కానరారు.

ఈ అడ్డగీతలు చూసి పక్షపాతమని తొందరపడకూడదు. వాటిలో సార్ బంధువులూ, కింది అంతస్తు మెడికల్ షాపు ఓనరూ ఉండేమాట నిజమే. కానీ ఉక్కిరిబిక్కిరై వచ్చే ముసలాయనకూ, ఎనిమిదింటికి ఆఖరి బస్సు పట్టుకోవలసిన పల్లెటూరి తల్లికీ చోటు దొరికేది కూడా అక్కడే. బోర్డుకు తెలియని ఒక సంగతి కాంపౌండరుకు తెలుసు. సాయంకాలం అనుకున్నట్టు నడవదు, నడవనప్పుడు సర్దడానికి కాస్త ఖాళీ చేతిలో ఉండాలి. ఆ ఎరుక ఈ వ్యాఖ్యకు ముందుముందు పనికి వస్తుంది.

ద్వితీయ సూత్ర వ్యాఖ్య

గ్రంథానికి ఆయువుపట్టు ఇది. ‘చూడబడును’ అన్న క్రియకు కర్త లేడు. డాక్టరుగారి చేత అని తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా సగమే నిజం, బరువూ బీపీ జ్వరమూ చూసేది కాంపౌండరు. అంతకన్నా గంభీరమైన చిక్కు క్రియారూపంలో ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం ఇది తద్ధర్మార్థకం. నిప్పు కాల్చును అన్నప్పుడు నిన్న కాల్చిందనీ కాదు, రేపు కాలుస్తుందనీ కాదు, కాల్చడం దాని స్వభావమని అర్థం. అలాగే చూచుట డాక్టరుగారి స్వభావమని బోర్డు సెలవిస్తోంది. ఈ సాయంత్రం, ఎన్ని గంటలకు, అన్న ప్రశ్నకు ఆ క్రియలో చోటే లేదు. ‘నంబరు ప్రకారము’ అన్న మాట వరుసను ఇస్తోంది. వేళను ఇచ్చే మాట సూత్రంలో ఎక్కడా లేదు. అయినా రోగి టోకెను పుచ్చుకున్నప్పుడు తనకు అపాయింట్‌మెంట్ దొరికిందనుకుంటాడు. దొరికింది వరుసలో చోటు. ఆ చోటు ఎప్పుడు గుమ్మం దాకా జరుగుతుందో తెలుసుకునే బాధ్యత పూర్తిగా అతని నెత్తినే ఉంది. ఈ గ్రంథం మొత్తంలో న్యాయం సగమే ఉన్నదనీ, మిగతా సగం రాయడం పెద్ద పని కాదనీ ఈ వ్యాఖ్యాత సిద్ధాంతం.

లెక్కతో చూద్దాం. సాయంత్రం మూడు గంటల ఓపీకి నలభై పేర్లు అనుకుంటే మనిషికి నాలుగున్నర నిమిషాలు వస్తాయి. ఇది మరీ తక్కువని నొచ్చుకోనక్కరలేదు. 67 దేశాల సమాచారం పోగుచేసి 2017లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం సగటు డాక్టరు చూపు బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి దక్కేది ఐదు నిమిషాలో, అంతకన్నా తక్కువో. కాబట్టి చూపు కొరతకు వీధి డాక్టరుగారిని నిందించి లాభం లేదు. నిరీక్షణ సంగతి వేరు. బోర్డు 6 అన్నది గదా అని నలభై మందీ ఆరింటికే వచ్చి, డాక్టరుగారు కూడా ఆరింటికే వచ్చి, నాలుగున్నర నిమిషాలకొకరిని చూస్తే, ఒక్కొక్కరు సగటున 88 నిమిషాలు కూర్చుంటారు. అందరివీ కలిపితే 58 గంటల పైచిలుకు. తోడొచ్చినవాళ్ళను కూడా కలిపితే 117. డాక్టరుగారి మూడు గంటల్లో ఒక్క నిమిషం వృథా కాకుండా ఉండటానికి ఊరు పెట్టుకున్న ఖర్చు ఇది. ఆయన ఏడింటికి వచ్చిన రోజున ఈ లెక్క ఎంతకు పోతుందో పాఠకులే వేసుకోగలరు.

తృతీయ, చతుర్థ, పంచమ సూత్రాల వ్యాఖ్య

రెండో సూత్రంలో ‘మాత్రమే’ అని గట్టిగా పలికిన సూత్రకారుడు, మూడో సూత్రం నుంచే దాన్ని సడలించడం మొదలుపెట్టాడు. ఏది దేన్ని తోసిరాజంటుందో తెలియాలంటే పూర్వమీమాంసలో జైమిని చెప్పిన ఆరు ప్రమాణాలను పిలవాలి. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. వీటిలో ముందుదానికన్నా వెనకది బలహీనం. క్లినిక్‌లో శ్రుతి అంటే కాంపౌండరు తలుపు దగ్గర నిలబడి కేకవేసిన పేరు, దానికి ఎదురులేదు. లింగం అంటే గుర్తు. ఎగశ్వాస, స్పృహ తప్పడం, చేతికి చుట్టిన రక్తపు గుడ్డ. మూడో సూత్రంలోని అత్యవసరం ఇదే. వాక్యం అంటే అన్వయబలం, ‘వస్తూ వస్తూ మా ఆవిడ బీపీ కూడా చూడండి సార్’ అంటూ ఒక నంబరు మీద ఇద్దరు చూపించుకోవడం. ప్రకరణం అంటే సందర్భం. నిన్న చూపించుకుని, ఇవాళ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకొచ్చినవాడు ‘ఒక్క నిమిషం’ అంటూ దూరేది ఈ బలంతోనే. ఐదో సూత్రం అతన్ని ఆపడానికే పుట్టింది, ఆపలేకపోవడం లోకవిదితం. వీటన్నిటి తరవాత ఐదో మెట్టు మీద ఉన్నది స్థానం. చేతిలోని టోకెను నంబరు అంటే ఈ స్థానమే. మన బోర్డు సర్వాధికారం కట్టబెట్టిన నంబరు శాస్త్రదృష్టిలో ఇంత దుర్బలం. ఇక అన్నిటికన్నా బలహీనమని జైమిని తేల్చినది సమాఖ్య, అంటే పేరు. ‘ఎమ్మెల్యేగారి తాలూకు’ అన్న సమాఖ్య క్లినిక్‌లో శ్రుతినే ఓడించడం చూస్తే, పూర్వమీమాంస రాసే నాటికి నియోజకవర్గాలు లేవని ఊహించాలి.

ఇందులో పనికివచ్చే విషయం ఒకటుంది. అత్యవసరం ముందుకు పోవడాన్ని కుర్చీల్లో కూర్చున్నవాళ్ళెవరూ తప్పుపట్టరు. రిపోర్టువాడి మీద విసుక్కున్నా సర్దుకుంటారు. మెడికల్ రెప్పు బ్యాగు పట్టుకుని లోపలికి వెళ్ళినప్పుడు మాత్రం అందరూ ఒకేసారి గోడ గడియారం వైపు చూస్తారు. వరుస తప్పడాన్ని జనం సహిస్తారు, ఎంత తప్పిందో తెలియకపోవడాన్ని సహించలేరు. నాలుగో సూత్రం ఈ అజ్ఞానానికి శిక్ష కూడా జోడించింది. పిలిచినప్పుడు లేకపోతే చివరికి పోవాలి. ఎప్పుడు పిలుస్తారో చెప్పనివాడు, పిలిచినప్పుడు లేవని దండించడం ఏ ధర్మశాస్త్రానికీ ఒప్పదు. ఈ ఒక్క సూత్రానికి భయపడి ముప్పయ్యో నంబరువాడు కూడా టీ తాగడానికి గేటు దాటడు.

షష్ఠ సూత్ర వ్యాఖ్య

‘అడుగరాదు’ అన్నది నిషేధం. ప్రసక్తి ఉన్నదాన్నే నిషేధిస్తారని న్యాయం, ఎవడూ చేయని పనిని వద్దని ఎవరూ చెప్పరు. కాబట్టి జనం అడుగుతున్నారనీ, పదేపదే అడుగుతున్నారనీ ఈ సూత్రమే సాక్ష్యం. ‘పదేపదే’ అన్న విశేషణం వల్ల ఒకసారి అడగవచ్చునని కొందరు అర్థం తీస్తారు. ఆ అర్థం నిలవదు. ఏడింటికి విన్న జవాబు ఏడున్నరకు చెల్లదు గనక రెండోసారి అడగక తప్పదు. సమాధానం గ్రంథకర్త దగ్గరే ఉంది, పుస్తకంలో ఎన్నో పేరు దాకా టిక్కు పడిందో కాంపౌండరు కళ్ళెదుటే ఉంది. ఉన్నదాన్ని చెప్పకుండా, అడగడాన్ని తప్పు చేసిన సూత్రం ఇది. వరుస ఇచ్చి వేళ ఇవ్వని దోషం ఇక్కడ బయటపడింది.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి ఆక్షేపణ. ఒక్కో రోగికి ఎంతసేపు పడుతుందో డాక్టరుగారికే తెలియదు, అటువంటప్పుడు వేళ ఎలా చెబుతారు? ఒక్కడి సంగతి తెలియదన్నది నిజం. ఒకడు నిమిషంలో వస్తాడు, ఇంకొకడు తన అల్లుడి కడుపునొప్పి చరిత్రతో సహా పావుగంట తీసుకుంటాడు. కానీ పద్దెనిమిది మందిని కలిపితే ఎక్కువలూ తక్కువలూ చాలావరకు చెల్లుకుంటాయి. ఏడున్నరకు పన్నెండో నంబరు నడుస్తోందని తెలిస్తే, ముప్పయ్యో నంబరువాడు తనకు ఇంకా ఎనభై నిమిషాలు ఉందనీ, తొమ్మిదికి కాస్త ముందు వంతు వస్తుందనీ తానే లెక్క వేసుకుంటాడు. ఈ లెక్క కాంపౌండరుకు వచ్చని వేరే రుజువు అక్కరలేదు. తెలిసినవాళ్ళు ఫోను చేస్తే ‘మీరు ఎనిమిదిన్నరకు రండి, సరిపోతుంది’ అని చెప్పేది ఆయనే. లేనిది విద్య కాదు, దాన్ని అందరికీ పంచాలన్న నియమం.

రెండో ఆక్షేపణ. సంగతి తెలిస్తే అందరూ తాపీగా వస్తారు, డాక్టరుగారు ఖాళీగా కూర్చోవలసి వస్తుంది. దీనికి జవాబు 1952లోనే వచ్చింది. నార్మన్ బెయిలీ అనే ఆంగ్ల గణాంక శాస్త్రజ్ఞుడు ఆసుపత్రుల ఓపీలను లెక్కగట్టి, మొదట ఇద్దరిని కూర్చోబెట్టుకుని, ఆ తరవాత సగటు చూపుకు పట్టేంత వ్యవధికి ఒకరి చొప్పున రమ్మంటే చాలునని తేల్చాడు. డాక్టరు పెద్దగా ఖాళీగా ఉండడు, రోగులు పెద్దగా వేచి ఉండరు. మనం ఇంకా జాగ్రత్తపడి గుమ్మం ముందు ఎప్పుడూ ముగ్గురు ఉండేటట్టు చూసుకున్నా, మనిషికి నిరీక్షణ పావుగంట లోపే. 58 గంటలు తొమ్మిది గంటలకు దిగుతాయి. ముగ్గురు చేసే పనికి ముప్పైమందిని కూర్చోబెట్టడం మితవ్యయం కాదు.

మూడో ఆక్షేపణ. గంటా నిమిషాలతో వేళ ఇచ్చే దేశాలు మాత్రం సుఖపడ్డాయా? ఈ ఆక్షేపణలో పస ఉంది. ఇంగ్లండులో స్థానిక డాక్టరు దగ్గర వేళతో కూడిన అపాయింట్‌మెంటే ఇస్తారు. దానికోసం ఉదయం 8 గంటలకు జనమంతా ఒకేసారి ఫోన్ల మీద పడతారు. ఆ తొక్కిసలాటకు స్వస్తి చెబుతామని లేబర్ పార్టీ 2024 ఎన్నికల్లో హామీ ఇవ్వవలసి వచ్చింది. నిరీక్షణ కుర్చీలోంచి లేచి ఫోనులో కూర్చుంది, అంతే. మన సర్కారీ ఆసుపత్రుల్లో 2022 నుంచి వచ్చిన స్కాన్ అండ్ షేర్ పద్ధతి కూడా ఇటువంటిదే. క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే ఓపీ చీటీ కౌంటరు దగ్గర వరుస తగ్గుతుంది, డాక్టరు గది ముందు వరుస అలాగే ఉంటుంది. అందుకే ఈ వ్యాఖ్యాత వేళ ఇమ్మని కోరడం లేదు, యాప్ పెట్టమనీ అనడం లేదు. నడుస్తున్న నంబరు చెప్పమంటున్నాడు. వేళ ఇస్తే మాట తప్పే భయం ఉంటుంది. నంబరు జరిగిపోయిన సంగతి, దాన్ని చెప్పినవాడు ఎన్నడూ మాట తప్పడు.

నాలుగో ఆక్షేపణ బయటికి ఎవరూ అనరు గాని అందరి మనసులోనూ ఉంటుంది. నిండిన కుర్చీలే డాక్టరుగారి హస్తవాసికి కొండగుర్తు, ఖాళీ వరండా చూస్తే కొత్తవాడు పక్క క్లినిక్‌కు పోతాడు. దీనికి సమాధానం సులువు. నలభై నంబర్లూ ఎనిమిదీ పదికే అయిపోయాయన్న వార్త చాలదా? కీర్తి చాటడానికి జ్వరం ఉన్నవాళ్ళు దగ్గుతూ పక్కపక్కన కూర్చోవడం అవసరం లేదు. అలా కూర్చోబెడితే వైరల్ జ్వరాల రోజుల్లో మరుసటి వారం ఓపీ పెరుగుతుంది గాని, అది హస్తవాసి ఖాతాలో పడదు.

ఐదో ఆక్షేపణ ధర్మశాస్త్రానికి చెందింది. బోర్డు మీద ఏముండాలో చెప్పే నియమంలో ఈ మాట లేదు కదా? నిజమే. వైద్యుల వృత్తి ప్రవర్తనకు 2002లో వచ్చిన నియమావళి ఫీజు వివరాలు బోర్డు మీద స్పష్టంగా రాయాలంటుంది. కన్సల్టేషన్‌కు వేళ తప్పకుండా అందుబాటులో ఉండాలని కూడా అదే అధ్యాయంలో ఉంది. అయితే ఆ అధ్యాయం ముఖ్యంగా ఒక వైద్యుడు మరో వైద్యుడి సలహా తీసుకునే సందర్భానిది. ప్రకరణ బలం చూస్తే ఆ వేళ పట్టింపు సాటి డాక్టరు కోసం, ఫీజు బోర్డు రోగి కోసం. కాబట్టి శాసనం అండ మనకు పూర్తిగా లేదని ఒప్పుకోవాలి. డబ్బు ఎంతో ముందే చెప్పడం న్యాయమైనప్పుడు, కాలం ఎంతో చెప్పడం కూడా ఆ న్యాయానికే కొనసాగింపు అన్న యుక్తి మాత్రం మిగులుతుంది. దినకూలికి సాయంత్రపు మూడు గంటలు ఫీజుకన్నా తక్కువేమీ కాదు.

అధ్యాహారం

ఆకాంక్ష తీరని వాక్యానికి లోపించిన పదం తెచ్చి చేర్చుకోవడం వ్యాఖ్యాత హక్కు. మెతుకుసీమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టాడు, నువ్వెలా రాస్తావని అడగవచ్చు. రాసేది మూలంలో ఉన్నదే. ఆరో సూత్రం నిషేధించిన ప్రశ్నలో దాని జవాబుకు చోటు తయారుగా ఉంది. కాబట్టి ఆరో సూత్రాన్ని తొలగించి ఇలా చదువుకోవాలి: నడుచుచున్న నంబరు గోడమీదను, ఫోనులోను ఎల్లప్పుడు తెలుపబడును. దీనికి కావలసిన సామగ్రి సుద్దముక్క, పలక. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళ కోసం ఐదు నంబర్లకొకసారి కాంపౌండరు ఫోనులో వాట్సాప్ స్టేటస్ మార్చడం. ఫోను లేని పల్లెటూరివాడు పలక చూసుకుంటాడు, అక్షరం రానివాడు పక్కవాణ్ణి అడుగుతాడు, బల్ల దాకా రానక్కరలేదు.

ఫలశ్రుతి

ఈ అధ్యాహారం అమలైన క్లినిక్‌లో ముప్పయ్యో నంబరువాడు ఇంట్లో అన్నం తిని వస్తాడు. ఎనిమిది గంటల బస్సువాళ్ళు తమ వంతు అందదని ముందే గ్రహించి, అడ్డగీతల కోసం సకాలంలో ప్రాధేయపడతారు. నాలుగో సూత్రంలోని శిక్ష అప్పుడు న్యాయమౌతుంది, తెలిసి కూడా రానివాడు చివరికి పోవలసిందే. కాంపౌండరుకు గొంతు మిగులుతుంది. ఇన్ని లాభాలతో పాటు ఇంకొకటి కూడా జరుగుతుంది. ఆరూ నలభై ఐదుకు పలక మీద సున్నా ఉంటే, డాక్టరుగారు ఇంకా రాలేదన్న సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. ఇంత చవకైన సూత్రం ఇన్నేళ్ళూ బోర్డుకెక్కకపోవడానికి అసలు కారణం ఆ సున్నాయేనని కొందరి మతం. ఈ వ్యాఖ్యాతకూ అదే సమ్మతం.